ఖాళీ ఆకాశంలో రెండు గుంటలు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది జూన్ నెలలో నన్ను విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న రేడియో టెలిస్కోప్ కేంద్రానికి ఇన్‌ఛార్జిగా బదిలీ చేశారు. అప్పటికి నా హోదా ప్రిన్సిపల్ టెక్నికల్ ఆఫీసర్. పేరు పెద్దదే. మా సంస్థలో శాస్త్రవేత్తలు ఒక వరుస, సాంకేతిక ఉద్యోగులు ఇంకో వరుస. ఏ నక్షత్రాన్ని చూడాలో మొదటి వరుస నిర్ణయిస్తుంది. డిష్‌ను అటు తిప్పే పని రెండో వరుసది. చూసింది పనికొస్తే ఘనత మొదటి వరుసకు, పనికిరాకపోతే సంజాయిషీ రెండో వరుసకు. నేను సర్వీసంతా రెండో వరుసలోనే ఉన్నాను. నా సొంత ఊరు మనుబోలు. అందుకని, రిటైరయ్యే ముందు ఇంటికి దగ్గరగా పంపించామని ప్రధాన కార్యాలయం వారు మేలు చేసినట్టే చెప్పారు.

ఆ కేంద్రం అక్కడెందుకు ఉందో ముందు చెప్పాలి. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే అడిగేవాళ్లు. ఒకప్పుడు అది ఉపగ్రహ సమాచారానికి కట్టిన డిష్. ఆ పని తీరిపోయాక ఊరికే నిలబడి తుప్పు పడుతుంటే, పడగొట్టడం కంటే ఆకాశం వైపు తిప్పడం చవక అని ఎవరో లెక్క వేశారు. అలా అది రేడియో టెలిస్కోప్ అయింది. దానికి అప్పగించిన పని నీటి మేసర్లను చూడటం. లేజర్ కాంతిని ఎలా బలపరుస్తుందో, మేసర్ రేడియో తరంగాలను అలా బలపరుస్తుంది. అంతరిక్షంలో కొన్ని చోట్ల నీటి ఆవిరి తనంతట తానే ఆ పని చేస్తుంది. ఎవరూ తయారు చేయనక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. ఆ తరంగాలు ఇరవై రెండు గిగాహెర్ట్జ్ దగ్గర వస్తాయి. చిక్కేమిటంటే మన గాలిలోని నీటి ఆవిరి కూడా సరిగ్గా అక్కడే అడ్డుపడుతుంది. అంటే నక్షత్రం దగ్గరి నీటిని చూడాలంటే మన దగ్గర నీరు ఉండకూడదు. అలాంటి పనికి నెల్లూరు సముద్రతీరాన్ని ఎంపిక చేసిన వాళ్లు లేరు. డిష్ అక్కడ ఉంది, అంతే. చలికాలంలో గాలి కాస్త పొడిగా ఉన్న రోజులు మాకు పండగలు. మిగతా కాలమంతా తడిగుడ్డ చాటునుంచి చూస్తున్నట్టే ఉండేది.

కేంద్రంలో మొత్తం కలిపి గుప్పెడు మందిమి. ఈ కథకు ఇద్దరు చాలు. ఒకరు పోలయ్య, డిష్ ఆపరేటర్. పక్కనే ఉన్న పాలెంలో చేపలు పట్టే కుటుంబం. ఐటిఐ చదివి ఇటు వచ్చాడు. అన్నదమ్ములు ఇంకా వేటకే వెళతారు. రెండో మనిషి ఎస్తేరు రాణి, రిసీవర్ ఇంజనీరు. కొడవలూరు అమ్మాయి. తండ్రికి వరి పొలం, ఆదివారం చర్చిలో తబలా. ఎస్తేరు పాటల బృందంలో ముందు వరుస. మా దగ్గర వెనుక వరుస. ఆమె ప్రొబేషన్‌లో ఉంది. అంటే ఉద్యోగం ఇచ్చారు గానీ ఇంకా ఖాయం చేయలేదు. ఒకసారి ప్రొబేషన్ పొడిగించారు. రెండోసారి పొడిగించడానికి రూల్స్ ఒప్పుకోవు. ఈసారి ఖాయం చేయకపోతే ఇంటికి పంపాల్సిందే.

పరిస్థితి ఇలా రావడానికి కారణం ఆమె చేసిన మంచి పని. పాత రిసీవర్ ముసలిదైపోయి, నక్షత్రం గొంతు కంటే తన గోలే ఎక్కువ వినిపించేది. ఎస్తేరు వచ్చిన ఏడాదిలోపే ముందుభాగం మొత్తం విప్పి కొత్త ఆంప్లిఫైయర్‌తో మళ్లీ కట్టింది. గోల సగానికి పైగా తగ్గింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత గ్రాఫులో రెండు గుంటలు కనిపించాయి. మెచ్చుకున్నవాళ్లే వెనక్కి తగ్గారు.

ఆ గుంటల సంగతి అర్థం కావాలంటే మేం చూసే పద్ధతి తెలియాలి. రిసీవర్‌కు సొంత గోల ఎప్పుడూ ఉంటుంది. ఆకాశం గోల, గాలి గోల వేరే. వీటిలోంచి నక్షత్రం సంకేతాన్ని విడదీయడానికి డిష్‌ను ముందు నక్షత్రం వైపు కొన్ని నిమిషాలు పెడతాం. తర్వాత పక్కనే ఏమీ లేని చోటుకు తిప్పి అంతే సేపు పెడతాం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే గోలలన్నీ కొట్టుకుపోయి నక్షత్రం మిగులుతుంది. ఆ ఏమీ లేని చోటును మా భాషలో 'ఖాళీ' అంటాం. పోలయ్య రోజంతా "నక్షత్రం, ఖాళీ, నక్షత్రం, ఖాళీ" అనుకుంటూ తిప్పేవాడు. కంప్యూటర్ తనంతట తాను తిప్పుతుంది నిజానికి. అయినా అతను పక్కన కూర్చుని అనేవాడు. నోరు అలవాటు పడింది.

మా రోజువారీ కార్యక్రమం ఆకాశంలో గరుడ మండలమనే నక్షత్రాల గుంపు వైపున్న ఒక బలమైన మేసర్‌ది. కొత్త నక్షత్రాలు పుట్టే చోటు అది. దాన్ని ఏళ్ల తరబడి రోజూ చూడటం డాక్టర్ శేషగిరిరావు గారి కార్యక్రమం. ఆయన ప్రధాన కార్యాలయంలో సీనియర్ శాస్త్రవేత్త. ఆ మేసర్ పక్కన ఖాళీ చోటును ఎంచింది కూడా ఆయనే, కేంద్రం మొదలైన కొత్తలో. ఆ తర్వాత ఆ చోటును ఎవరూ మార్చలేదు. మార్చాలన్న ఆలోచనా ఎవరికీ రాలేదు. ఖాళీని మార్చడమేమిటి?

గ్రాఫు గీస్తే మధ్యలో ఆ మేసర్ తాలూకు శిఖరాలు వస్తాయి. కొత్త రిసీవర్ పెట్టాక దానికి ఎడమవైపు చాలా దూరంలో ఒక గుంట, కుడివైపు అంతే దూరంలో ఇంకో గుంట కనిపించాయి. లోతైనవి కావు. కానీ రోజూ ఉండేవి, రోజూ అక్కడే ఉండేవి. శేషగిరిరావు గారు ఫోన్‌లో తేల్చి చెప్పారు. పాత రిసీవర్‌లో ఇవి లేవు, కొత్తదానిలో ఉన్నాయి. నక్షత్రాలు వస్తాయి పోతాయి, ఇవి కదలకుండా ఒకేచోట ఉన్నాయి. కనుక ఇది యంత్ర దోషం. తర్కం బాగానే ఉంది. నాకూ అలాగే అనిపించింది.

ఎస్తేరు కేబుళ్లు మార్చింది. ఫిల్టర్లు మార్చింది. ఆంప్లిఫైయర్‌ను ఇంకా చల్లబరిచింది. గుంటలు చెక్కుచెదరలేదు. సెప్టెంబరు చివర్లో ప్రధాన కార్యాలయం నుంచి రెండు వార్తలు వచ్చాయి. రిసీవర్‌ను పరీక్షించి, ఉంచాలో తీసేయాలో చెప్పడానికి డిసెంబరులో కమిటీ వస్తుంది. ఎస్తేరు ప్రొబేషన్ నివేదిక కమిటీ తిరిగివెళ్లాక నేను పంపాలి. రెండూ వేర్వేరు ఉత్తరాలు, వేర్వేరు సెక్షన్లు. ఒకదానికొకటి సంబంధం లేదని ఎవరూ అనుకోలేదు.

ప్రొబేషన్ నివేదిక గురించి కూడా ఒక మాట. అందులో 'లోపాలు' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదని నియమం. మనిషన్నాక లోపం లేకుండా ఎలా ఉంటాడని నియమం రాసినవాళ్ల అభిప్రాయం కాబోలు. అధికారులంతా అక్కడ "ఇంగ్లిష్ ఇంకా మెరుగుపడాలి" అని రాసేవాళ్లు. నేనూ రాసినదాన్నే. నా మీద కూడా ఎవరో రాసే ఉంటారు.

ఇంతలో శేషగిరిరావు గారు ఒక మధ్యేమార్గం సూచించారు. ప్రధాన కార్యాలయం సాఫ్ట్‌వేర్‌తో గుంటలను పూడ్చవచ్చు. ఆ రెండు భాగాలను వదిలేసి, చుట్టుపక్కల గీతను బట్టి అక్కడ సమంగా గీత వేసేస్తుంది. గ్రాఫు శుభ్రంగా వస్తుంది, ఆయన కార్యక్రమానికి ఇబ్బంది ఉండదు. ఆయన దీన్ని దయతోనే చెప్పారు. నేను ఎస్తేరును పిలిచి చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"పూడిస్తే ఏమైతది మేడమ్? గుంట ఉండాదని ఒప్పుకున్నట్టే గదా," అంది.

అలా పూడిస్తే కమిటీ కూడా మెత్తబడుతుందని చెప్పాను.

"కమిటీ మెత్తబడితే నాకేంది? రిసీవర్‌లో దోషం ఉంటే యాడుండాదో చూపించమనండి. నేనే విప్పి పారేస్తాను. దోషం లేకుండా నన్ను ఇంటికి పంపితే మాత్రం ఊరుకోను. మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు, మా పాప నక్షత్రాల ఆఫీసులో చేస్తా ఉండాదని. ఇప్పుడు పోయి ఏం చెప్పాల? నక్షత్రాల్లో గుంటలు తవ్వినానని చెప్పాల్నా?"

నాకు నవ్వు వచ్చింది, బాధా కలిగింది. ఆ పిల్ల పనితనం మీద నాకు లోపల అనుమానం లేదు. కానీ ఇన్‌ఛార్జి లోపల ఏమనుకుంటుందో ఫైలుకు అక్కర్లేదు. ఫైలుకు గుంటలున్నాయి, గుంటలకు కారణం కావాలి.

నవంబరంతా ఆమె భోజనం డబ్బా కూడా రిసీవర్ గదిలోకే తెచ్చుకుంది. నెలాఖరున ఒక మధ్యాహ్నం రెండు కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చింది. మామూలుగా మేం గీసే గ్రాఫులు దిద్దినవి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కదా, కొన్ని నెలలు ఒక నక్షత్రం వైపు పోతుంది, కొన్ని నెలలు దాని నుంచి దూరంగా పోతుంది. అందువల్ల వచ్చే సంకేతం స్వల్పంగా పక్కకు జరుగుతూ ఉంటుంది. రైలు కూత దగ్గరికొస్తున్నప్పుడు సన్నగా, పోతున్నప్పుడు బొంగురుగా వినపడినట్టే. సాఫ్ట్‌వేర్ ఆ జరుగుడును సరిచేసి, నక్షత్రాన్ని గ్రాఫులో ఒకేచోట నిలబెడుతుంది. అందరం ఆ దిద్దిన గ్రాఫులే చూస్తాం. దిద్దనివాటిని ఎవరూ చూడరు, అందంగా ఉండవు. ఎస్తేరు దిద్దనివి తీసింది. సెప్టెంబరుది ఒకటి, నవంబరుది ఒకటి.

"ఇట్ట చూడండి మేడమ్. దోషం రిసీవర్‌దైతే రిసీవర్‌లో ఒకే ఛానెల్ కాడ కూర్చోవాల. భూమి యాడికి పోతే దానికేం పట్టింది? ఇవి జరిగినాయి. మన మేసర్ ఎంత జరిగిందో ఇవీ అంతే జరిగినాయి."

నేను అద్దాలు సర్దుకుని చూశాను. జరిగాయి. దిద్దిన గ్రాఫులో కదలకుండా ఉన్నాయంటే అసలు యంత్రంలో కదులుతున్నాయని అర్థం. గుంటలు ఒకేచోట ఉన్నాయన్నది రిసీవర్‌కు వ్యతిరేకంగా మేమంతా చూపిన సాక్ష్యం. అది నిజానికి దాని తరపు సాక్ష్యం. పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్లం నెలల తరబడి కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాం.

కానీ అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. అది ఆకాశంలోంచే వస్తుందనుకున్నా, ఆకాశం నుంచి గుంట రాదు. సంకేతం ఉంటే శిఖరం వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. లేనిదాని కంటే తక్కువ ఎలా వస్తుంది? ఆ మాటే అన్నాను. ఎస్తేరు తలుపు దగ్గరికి వెళ్లి బయటికి చూసింది. బయట వరి కోత యంత్రం ఒకటి రోడ్డు మీద పోతూ ఉంది. అదే గుర్తు చేసిందో ఏమో.

"మేడమ్, మా ఇంటికాడ వడ్లు తూచేటప్పుడు ఖాళీ గోతం బరువు తీసేస్తారు. ఆ ఖాళీ గోతంలోనే గింజలుంటే?"

తూకం తగ్గుతుందని చెప్పాను.

"తగ్గుద్ది గదా. అదే ఇది."

నాకు ఒక క్షణం పట్టింది. తర్వాత కుర్చీలోంచి లేచాను. నక్షత్రం లోంచి మేం ఖాళీని తీసేస్తున్నాం. ఖాళీలో ఏదైనా ఉంటే, అది తీసివేతలో గుంటగా మిగులుతుంది. రెండు గుంటలంటే ఖాళీలో రెండు శిఖరాలు. రైలు కూత లెక్క ప్రకారం ఒకటి మన వైపు వేగంగా వస్తున్న నీరు, ఇంకొకటి అవతలి వైపు వేగంగా పోతున్న నీరు. గుంటలు శేషగిరిరావు గారి మేసర్‌వి కావు. పక్కన ఇంకేదో ఉంది. పాత రిసీవర్ గోలలో అది మునిగిపోయింది. ఎస్తేరు గోల తగ్గించింది, అందుకే కనిపించింది. ఆమె మీద పడిన నింద మొత్తం ఆమె పని బాగా చేసినందుకు వచ్చిందే.

ముసలి నక్షత్రాల గురించి నేను విన్నది గుర్తుకొచ్చింది. మన సూర్యుడిలాంటి నక్షత్రం చివరి దశలో ఒళ్లు ఉబ్బి, పైపొరలను మెల్లగా వదిలేస్తుంది. సెకనుకు పది, పదిహేను కిలోమీటర్లు. నక్షత్రాల లెక్కలో అది నిట్టూర్పు. కానీ బహు కొద్ది నక్షత్రాలు పోయేముందు రెండు వైపులకూ సన్నని ధారలుగా, సెకనుకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో చిమ్ముతాయి. ఆ ధారల్లోని నీటి ఆవిరి మేసర్‌గా మెరుస్తుంది. ఆ దశ నక్షత్రం ఆయుష్షులో రెప్పపాటు, మనుషుల లెక్కలో కొన్ని దశాబ్దాలు. అందుకే అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే దొరికాయి. మా గ్రాఫులో గుంటల మధ్య దూరం ఆ వేగాలకు సరిపోతోంది.

శేషగిరిరావు గారికి ఫోన్ చేశాను. ఖాళీ చోటును ఒకసారి నక్షత్రంలా చూస్తామని అడిగాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. ఆ చోటును తానే పటాలు చూసి, డిష్ పెట్టి పరీక్షించి ఎంచానని, తన కార్యక్రమం సమయంలో అలాంటి ప్రయోగాలకు ఒప్పుకోనని, ఖాళీని చూడటానికి టెలిస్కోప్ సమయం ఇచ్చినట్టు ఎక్కడైనా తెలిస్తే నవ్వుతారని చెప్పారు. కమిటీ సోమవారం వస్తోందని గుర్తు చేశారు. ఆయనే కమిటీ అధ్యక్షుడు.

కానీ ఇన్‌ఛార్జి చేతిలో ఒక చిన్న హక్కు ఉంటుంది. వారానికి ఒక పూట నిర్వహణ సమయం. డిష్ సరిగా గురి చూస్తోందా లేదా అని పరీక్షించుకోవడానికి. ఆ పూట ఎటు తిప్పినా ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాది గురువారం.

బుధవారం బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. మా జిల్లాకు డిసెంబరులో అది కొత్త కాదు. గురువారం డిష్‌లో నీళ్లు నిలిచేంత వాన. శుక్రవారం అంతే. శనివారం వాన తగ్గింది గానీ గాలి పిండితే నీళ్లు కారేలా ఉంది. పోలయ్య అన్నదమ్ములు పడవలు ఒడ్డుకు లాగేసుకుని ఇంట్లో కూర్చున్నారు. ఎస్తేరు రిసీవర్ గదిలో ఏమీ చేయకుండా కూర్చుంది. ఆమె ఏమీ చేయకుండా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు భయం వేసింది, దాచను. సోమవారం కమిటీకి గోతం కథ చెబితే వింటారు, తలాడిస్తారు, దోషం రిసీవర్‌దే అని రాస్తారు.

ఆదివారం పొద్దున్నే ఉత్తరపు గాలి తిరిగింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. నేను నిర్వహణ సమయాన్ని వాన కారణంగా ఆదివారానికి మార్చినట్టు పోలయ్యకు చెప్పి, ఎస్తేరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. కట్ చేసింది. తర్వాత తెలిసింది, నా రెండో ఫోన్ పాస్టర్ గారి ప్రసంగం మధ్యలో మోగిందట. ఆరాధన అయిపోయాక పాటల బృందం తెల్లచీరలోనే తండ్రి బండెక్కి వచ్చింది. గేటు దగ్గర దిగుతూనే "ఎండ వచ్చింది గదా మేడమ్, మీరెందుకు ఫోన్ చేసినారో నాకు ప్రార్థనలో ఉన్నప్పుడే అర్థమైంది, మనసంతా ఇక్కడే ఉండింది," అంది. తండ్రి లోపలికి రాకుండా బండి మీదే కూర్చున్నాడు. అన్నం తినడానికి పిలిస్తే, కూతురి పని కానీయమన్నాడు.

గరుడ మండలం మా నడినెత్తికి మధ్యాహ్నం తర్వాత వస్తుంది. రేడియో టెలిస్కోప్‌కు పగలూ రాత్రీ తేడా లేదు. నేను పోలయ్యతో డిష్‌ను ఖాళీ వైపు తిప్పమన్నాను.

"నక్షత్రం ముందు గదా మేడమ్?" అన్నాడు.

ఇవాళ ఖాళీయే నక్షత్రం అన్నాను.

"మరి ఖాళీ ఏది?"

సరైన ప్రశ్న. ఖాళీని చూడాలన్నా తీసేయడానికి ఇంకో ఖాళీ కావాలి. తూర్పున కొంత దూరంలో ఒకటి, పడమట అంతే దూరంలో ఒకటి, రెండు కొత్త చోట్లు ఎస్తేరు లెక్కగట్టి ఉంచింది. ఒకదానితో చూసి, తర్వాత రెండోదానితో చూస్తే ఈ కొత్త ఖాళీల్లో దోషం ఉన్నా బయటపడుతుంది.

పోలయ్య అంకెలు కొట్టాడు. "ఖాళీ, ఇంకో ఖాళీ. ఖాళీ, ఇంకో ఖాళీ," అనుకుంటూ కూర్చున్నాడు. అలా అనడం అతనికి నచ్చలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. ఎస్తేరు స్క్రీన్ వైపు చూడకుండా వీపు తిప్పి కిటికీ దగ్గర నిలబడింది. నేను చూస్తున్నాను. మొదట గోల తప్ప ఏమీ లేదు. సగటు పెరిగేకొద్దీ గీత నునుపెక్కింది. ఎడమవైపు ఒక మొలక లేచింది. తర్వాత కుడివైపు.

పోలయ్యే ముందు అన్నాడు. "ఖాళీలో ఉండాయే మేడమ్!"

ఎస్తేరు తిరిగింది. గుంటలు ఉన్నచోటే రెండు శిఖరాలు. అంతే దూరం, అంతే బలం, తలకిందులుగా. ఆమె నోటి మీద చేయి పెట్టుకుని ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, రెండో ఖాళీతో చూడాలంది. చూశాం, అలాగే ఉంది. డిష్‌ను కాస్త పక్కకు జరిపి చూశాం, శిఖరాలు పోయాయి. వెనక్కి తెచ్చాం, వచ్చాయి. పొద్దు వాలేదాకా అదే పని. తండ్రి ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. ఎవరో టీ ఇస్తే తాగాడట.

సోమవారం కమిటీ వచ్చింది. శేషగిరిరావు గారితో ఇంకో ఇద్దరు. నేను మాట్లాడలేదు. ఎస్తేరును మాట్లాడమన్నాను. ఆమె ఒక్క గ్రాఫు చూపించి, ఇది ఏ చోటుదో చెప్పింది. శేషగిరిరావు గారు కోటు తీసి కుర్చీకి తగిలించి, కంట్రోల్ బల్ల ముందు తానే కూర్చుని, పోలయ్యను అడిగి అంకెలు తానే కొట్టారు. తూర్పుకు జరిపారు, పడమటికి జరిపారు, మళ్లీ తెచ్చారు. మధ్యాహ్న భోజనం చల్లారిపోయింది. చివరికి అద్దాలు తీసి, తాను ఎంచినప్పుడు ఆ చోటు ఖాళీగానే ఉందని అన్నారు.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అలాంటి ధారలు కొత్తగా మొదలు కావచ్చు, ఆయన చూసిన తర్వాతే ఆ నక్షత్రం చిమ్మడం మొదలుపెట్టి ఉండవచ్చు. లేదా అప్పుడూ ఉండి, పాత రిసీవర్‌కు కనపడకపోయి ఉండవచ్చు. ఏది నిజమో ఈ రోజుకూ ఎవరూ చెప్పలేరు. మధ్యలో ఆ చోటును విడిగా చూసినవాళ్లు లేరు. కొన్ని దశాబ్దాల్లో ముగిసిపోయే దశలో అన్నేళ్లు మా డిష్ రోజూ ఆ కార్యక్రమం చూసే సమయంలో సగం దాని వైపే ఉంది, ఆ సగం దాన్ని చెరిపేయడానికే వాడాం.

తర్వాత పెద్ద టెలిస్కోపులవాళ్లు చూసి, అది ముసలి నక్షత్రమేనని, రెండు ధారలూ ఎదురెదురు దిక్కులకు పోతున్నాయని నిర్ధారించారు. శేషగిరిరావు గారు ప్రకటనలో ఎస్తేరు పేరు మొదట పెట్టించారు. సాంకేతిక వరుసలోని మనిషి పేరు మొదట రావడం మా సంస్థలో నేను మళ్లీ చూడలేదు. కమిటీ మాత్రం తన పరిధి దాటలేదు. రిసీవర్ సంతృప్తికరంగా పనిచేస్తోందని ఒక్క వాక్యం రాసి పోయింది. నక్షత్రం ఊసు ఎత్తలేదు. వాళ్లను అడిగింది రిసీవర్ గురించే.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. ఖాళీ అని రాసినది కూడా ఒక పరిశీలనే. దానికి చూసినవాళ్లుండాలి, ఏ పరికరంతో చూశారో ఉండాలి, అప్పుడప్పుడూ మళ్లీ చూడాలి. ఇప్పుడు ఆ కేంద్రంలో నెలకోసారి ప్రతి ఖాళీనీ నక్షత్రంలా చూస్తారు. ఆ నియమం పెట్టింది ఎస్తేరు. పోలయ్య ఆ పూట ఏమనుకుంటూ కూర్చుంటాడో నేను అడగలేదు.

కమిటీ వెళ్లిన వారం ప్రొబేషన్ నివేదిక రాశాను. 'లోపాలు' గడిలో ఏమీ రాయలేదు. అలవాటైన ఇంగ్లిష్ మాట కూడా రాయలేదు. అనుకున్నట్టే కాగితం తిరిగొచ్చింది, ఫలానా గడి ఖాళీగా ఉంది, పూరించి పంపగలరు అని. నేను ఆ గడిలో ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి పంపాను. "ఖాళీయే. చూసి రాశాను."

ఉద్యోగం ఖాయమైంది.